మచ్చ ఉన్న పిల్ల

పోయిన కార్తీకంలో మా కరియ చచ్చిపోయింది. దానికి పద్నాలుగేళ్ళు, నాకన్నా ఒక్క ఏడు చిన్నది. చివరి ఆర్నెల్లూ దానికి కండ్లు సరిగ్గా కనబడేవి కావు. అయినా రాత్రిపూట తోటలో అడవిపంది అడుగుపెడితే చాలు, కొట్టం దగ్గర పడుకున్న చోటినుంచే ఊరంతా లేచేట్టు మొరిగేది. అది పోయిన వారానికే పందులు వచ్చి టమోటా మడి తవ్విపోసినాయి. తెల్లారి నాయన ఆ మడి గట్టున నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇంట్లోకి వచ్చి, రాజపాళయంలో ఉన్న మామకు ఫోను చేసినాడు.

మామ అంటే అమ్మకు కడగొట్టు తమ్ముడు. అక్కడ నూలు మిల్లులో పని. "కుక్క కావాలంటే ఈ ఊర్లోనే కదా కొనాల బావా, ఆ జాతి పేరే ఈ ఊరి పేరు," అన్నాడంట. రాజపాళయం కుక్క గురించి మా హోసూరు పక్క వినని వాళ్ళు తక్కువ. పొడుగు కాళ్ళు, పాలలాంటి తెలుపు, ముక్కు మాత్రం లేత గులాబి రంగు. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద నాలుగు బిళ్ళలు వేస్తే అందులో ఒకటి దీనిదే. మామ ఎవరితోనో మాట్లాడి ఫోటో పంపించినాడు. తల్లి పక్కన ఆరు పిల్లలు. అందులో ఒకటి మిగతావాటికన్నా తెల్లగా, నీలి కండ్లతో, బొమ్మ మాదిరి ఉంది. నేనూ తమ్ముడూ ఆ పూటే దానికి మల్లి అని పేరు పెట్టేసినాం. నాయన మూడు వేలు అడ్వాన్సు పంపినాడు. సంక్రాంతి సెలవుల్లో పోయి తెచ్చుకోవాలని మాట.

ఇంతలో బడిలో ఒక పాఠం అడ్డం వచ్చింది.

పదో తరగతి సైన్సు పుస్తకంలో అంతఃప్రజననం అనే మాట ఉంది. అది పలకడానికే మా తరగతిలో సగం మందికి నాలుక తిరగలేదు. సార్ నవ్వి, "దగ్గర రక్తం కలపడం అనుకోండి, చాలు," అన్నారు. దగ్గరి చుట్టరికం ఉన్నవాటిని జతకడితే మనకు కావలసిన గుణం నిలుస్తుంది. అదే పని తరం తర్వాత తరం చేస్తా పోతే ఈతకు పిల్లలు తగ్గుతాయి, పుట్టినవాటికి బలం తగ్గుతుంది. పరీక్షకు అంతే చాలు. నాకు మాత్రం ఫోటోలోని నీలి కండ్లు గుర్తొచ్చినాయి. గంట కొట్టినాక పోయి అడిగినాను: "సార్, మేము కుక్కపిల్లను కొంటున్నాము. అది దగ్గర రక్తమా కాదా ఎట్ల తెలుస్తుంది?"

సార్ మళ్ళీ చాక్‌పీసు తీసుకున్నారు. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒక ప్రతిలో తప్పున్నా రెండోది మంచిదైతే చాలావరకు పని నడిచిపోతుంది, తప్పు బయటపడదు. రెండిట్లోనూ అదే తప్పుంటేనే చిక్కు. "ఒకే నోటుబుక్కు చూసి రాసినవాళ్ళకు తప్పు ఒకే చోట పడుతుంది కదా, ఇదీ అంతే," అన్నారు. (ఆ మాట అన్నప్పుడు సార్ నావైపు ఎందుకు చూసినారో నాకు తెలుసు. దాన్ని ఇక్కడ రాయను.)

దీనికి ఒక లెక్క కూడా ఉంది. 1922లో సూవల్ రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త కట్టిన లెక్క. పిల్ల తల్లినుంచి బయలుదేరి, ఇద్దరికీ ఉమ్మడి పెద్ద దగ్గరికి ఎక్కి, మళ్ళీ తండ్రి దగ్గరికి దిగాలి. దారిలో ఎంతమంది తగిలితే అన్నిసార్లు సగం చెయ్యాలి. ఉమ్మడి పెద్దలు ఇద్దరుంటే రెండు దారులూ కలుపుకోవాలి. తోడబుట్టినవాటిని జతకడితే పిల్లకు నూటికి 25. తండ్రికీ కూతురికీ కట్టినా 25. తండ్రి ఒకడై తల్లులు వేరైతే 12.5. అంటే పిల్లలో ఒక జన్యువు తీసుకుంటే, దాని రెండు ప్రతులూ ఒకే పెద్ద దగ్గరున్న ఒకే ప్రతి నకళ్ళు కావడానికి అంత అవకాశం ఉందన్నమాట. సంఖ్య పెరిగేకొద్దీ, దాగి ఉన్న తప్పు బయటపడే అవకాశమూ పెరుగుతుంది. తప్పకుండా పడుతుందని కాదు. ఈ ఆఖరి మాట సార్ రెండుసార్లు చెప్పినారు.

ఆ రాత్రి ఇంట్లో లెక్కలు వేస్తా కూర్చున్నాను. కుక్కల లెక్క అయిపోయింది. చెయ్యి ఊరుకోక ఇంకొక బొమ్మ గీసినాను. మేనమామకూ మేనకోడలికీ. దారిలో నలుగురు, దారులు రెండు. 12.5 వచ్చింది. తండ్రి ఒకడైన కుక్కలకు వచ్చిన సంఖ్యే.

ఈ లెక్క ఎందుకు వేసినానంటే, మా ఇంట్లో ఆ మాట నడుస్తా ఉంది. మా అవ్వ, అంటే అమ్మ తల్లి, మా దగ్గరే ఉంటుంది. మామ ఆమె కొడుకు, అక్క ఆమె మనవరాలు. ఇద్దరినీ ఒకటి చేస్తే తన కండ్ల ముందరే ఉంటారని అవ్వ ఆశ. అక్క డిగ్రీ రెండో సంవత్సరం. మామకు ఇరవైయేడు. ఇంట్లో ఎవరూ సరే అనలేదు, వద్దు అని కూడా అనలేదు. అందరూ అన్నం తింటా ఉన్నప్పుడు అవ్వ ఒక మాట వేస్తుంది, అమ్మ లేచి నీళ్ళు తేవడానికి పోతుంది. (ఇదంతా అక్కను అడిగే రాస్తున్నాను. "రాయి, ఏమైతది?" అనింది.)

నా నోటుబుక్కు అవ్వకు చూపించడం నా తప్పే. "కుక్కకూ మనిషికీ పోలికా?" అని అవ్వ కోపం చేసుకొనింది. "నేను మా మేనమామనే చేసుకొన్నా. నలుగురిని కన్నా. ఎవరికేం తక్కువైంది?" నేను నోరు మూసుకున్నాను. తర్వాత వంటింట్లో అమ్మ మెల్లిగా చెప్పింది, పుట్టింది ఆరుగురని, ఇద్దరు ఏడాది నిండకుండానే పోయినారని. అయితే ఆ కాలంలో బయటి సంబంధం చేసుకున్న ఇండ్లలోనూ పిల్లలు పోయేవాళ్ళు. ఎందుకు పోయినారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అవ్వ వాళ్ళను లెక్కలో చేర్చకపోవడమే నాకు గుచ్చుకుంది.

మరుసటి రోజు సార్‌కు ఇదంతా చెప్పలేదు. ఊరికే, "మేనరికాలు తప్పా సార్?" అని అడిగినాను. సార్ తప్పని అనలేదు, కాదని కూడా అనలేదు. డార్విన్ కథ చెప్పినారు. డార్విన్ 1839లో పెళ్ళి చేసుకున్న ఎమ్మా ఆయన సొంత మేనమామ కూతురు. అంటే మన లెక్కలో అచ్చమైన మేనరికం. పదిమంది పిల్లలు, అందులో ముగ్గురు చిన్నప్పుడే పోయినారు. మొక్కలను వాటి పుప్పొడితోనే కలిపితే వచ్చేవి బలహీనంగా ఉంటాయని ఏండ్ల తరబడి పరీక్షలు చేసిన మనిషికి, ఇంట్లో కూడా అదే బెంగ. 1871 జనాభా లెక్కల్లో దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళ గురించి ఒక ప్రశ్న చేర్చండి అని కోరితే పార్లమెంటు ఒప్పుకోలేదు. మిగిలిన పిల్లల్లో ముగ్గురు కొడుకులు పేరున్న శాస్త్రవేత్తలైనారు. "దీంట్లో ఏ ముక్క తీసుకుని ఏ వాదమైనా చెయ్యొచ్చు," అన్నారు సార్. "అందుకే లెక్క వెయ్యి, భయపెట్టొద్దు."

హోసూరులో రాత్రి బస్సెక్కి తెల్లారి మదురైలో దిగినాం, నాయన, అక్క, నేను. అక్కడినుంచి శ్రీవిల్లిపుత్తూరు మీదుగా రాజపాళయం. పడమర పక్క వరసగా కొండలు. బస్టాండులో మామ నిలబడి ఉన్నాడు. అక్కను చూసి ఎప్పటిమాదిరే, "ఏమ్మే, చిక్కిపోయినావే," అన్నాడు. అక్క నవ్వింది గాని మామూలుగా నవ్వలేదు.

రాజపాళయంలో నన్ను ఆశ్చర్యపరచింది తెలుగు. ఎప్పుడో వందల ఏండ్ల కిందట వచ్చి స్థిరపడిన రాజుల ఇండ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. వాళ్ళ మాటలో అరవం కలుస్తుంది, మా మాటలో కన్నడం కూడా కలుస్తుంది. కుక్కలాయన మమ్మల్ని చూస్తానే తెలుగులో "రండి, కాఫీ తాగండి" అంటే, నాయన ముఖం ఎంత తేటపడిందో! అందుకే ఆ తర్వాత జరిగింది చెప్పడం కష్టంగా ఉంది. ఆయన చెడ్డమనిషి కాదు. ఇల్లు శుభ్రం, కుక్కలకు మంచి తిండి, తల్లి మెడ కింద చెయ్యి పెడితే అది కండ్లు మూసుకుంటా ఉంది.

పిల్లలు ఆరు. అయిదు తెలుపు. ఆరోదానికి ఒక చెవి మీద లేత గోధుమరంగు మచ్చ. "దానికి మచ్చ ఉంది, కావాలంటే సగం ధరకిస్తా," అన్నాడాయన. నీలి కండ్లది ఒక మూల పడి నిద్రపోతా ఉంది. నా మల్లి.

సార్ చెప్పినట్టే మొదట తండ్రిని చూపించమన్నాను. ఆయన గర్వంగా పెరట్లోకి తీసుకుపోయినాడు. నిజంగా గొప్ప కుక్క, నా నడుము దాటి ఉంది. "ఈ తల్లికి ఇదే తండ్రి," అన్నాడు. మాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పినాడు: ఆ మగకుక్కకు పుట్టిన ఆడదే ఈ తల్లి, ఈ పిల్లలకు తండ్రీ అదే, తాతా అదే. "రక్తం చెదరకుండా కాపాడుకొస్తున్నాం. బయటి కుక్కను కడితే మచ్చలొస్తాయి. మచ్చ వస్తే ఎవరు కొంటారు? మీరు కొంటారా?"

మేము జవాబు చెప్పలేకపోయినాం. ఫోటో చూసి అన్నిటికన్నా తెల్లనిదాన్ని ఏరుకున్నది మేమే కదా.

ఈతకు ఎన్ని పిల్లలని అడిగితే, దీని తల్లి మొదటి ఈతలో తొమ్మిదింటిని పెట్టిందని, ఇది ఎనిమిదింటిని పెడితే రెండు మూడోనాడే పోయినాయని మామూలు మాటగా చెప్పినాడు. దాచాలని చూడలేదు. దాచవలసిన సంగతి అని ఆయనకు తోచనే లేదు.

ఇంక చెవుల పరీక్ష. ఇది కూడా సార్ చెప్పిందే. పిల్లలన్నీ కలిసి ఉన్నప్పుడు చేస్తే ఉపయోగం లేదు, ఒకటి లేస్తే దాన్ని చూసి ఇంకొకటి లేస్తుంది. నేలను తన్నకూడదు, అదురు తెలుస్తుంది. చప్పట్లు ముఖం ముందర కొట్టకూడదు, గాలి తగులుతుంది. ఒక్కొక్కదాన్నీ వేరుగా పెట్టి, దానికి కనబడకుండా వెనకనుంచి చప్పుడు చెయ్యాలి. అక్క పిల్లను గోనెపట్టా మీద కూర్చోబెడితే నేను దూరంగా నిలబడి తాళాలగుత్తి ఆడించినాను. మొదటిది తిరిగి చూసింది. రెండోది చూసింది. మచ్చపిల్ల చూడడమే కాదు, నావైపు పరుగెత్తి వచ్చింది. నీలి కండ్లది పట్టా కొస కొరుకుతా ఉండిపోయింది. మళ్ళీ ఆడించినాను. గిన్నె మీద గరిటెతో కొట్టినాను. పెరట్లో పెద్ద కుక్కలన్నీ మొరగడం మొదలుపెట్టినాయి. అది మాత్రం పట్టా కొరుకుతానే ఉంది.

"నిద్ర మబ్బులో ఉంది అంతే," అన్నాడాయన. గొంతులో బలం లేదు. తెలుసునేమో అనిపించింది.

నాయన అంతసేపూ గోడకానుకుని ఊరకే ఉన్నాడు. అప్పుడు మెల్లగా అన్నాడు: "మాకు ముప్పై గొర్రెలున్నాయి సామీ. పొట్టేలును రెండేండ్లకొకసారి పక్క ఊరివాళ్ళతో మార్చుకుంటాం. లేకుంటే తన కూతుళ్ళనే తొక్కుతుంది, పిల్లలు నిలవవు. మా తాతకాలంనుంచీ ఇదే పద్ధతి. ఇంత తెలిసినవాణ్ణి, కుక్క దగ్గరికొచ్చేసరికి మరిచిపోయినా చూడు."

నేను నాయనవైపే చూస్తా ఉండిపోయినాను. సార్ చాక్‌పీసుతో చెప్పిందంతా ఈయనకు పొట్టేలు పేరుతో ఎప్పటినుంచో తెలుసు!

కుక్కలాయన కూడా కొంచెంసేపు ఆలోచించినాడు. "గొర్రెను తెలుపు చూసి కొనరు కదప్పా," అన్నాడు చివరికి. అదీ నిజమే. ఊర్లో ఆయన మెచ్చే మగకుక్కలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయంట. బయటినుంచి తెచ్చి కడితే మొదటి ఈతలో మచ్చలొస్తాయి, ఆ ఏడాది నష్టం ఆయనదే. పైగా ఆ పిల్లలకు ఇంకా ఆరు వారాలే. ఎనిమిది వారాలు నిండనిదే అమ్మకూడదని 2017 నుంచి నియమం ఉంది. అది చెప్తే, "అందరూ ఇప్పుడే అడుగుతారు," అన్నాడు.

అడ్వాన్సు వదులుకుని బయటికి వచ్చేసినాం. నాయన అడగలేదు, ఆయన ఇస్తాననలేదు. మూడు వేలంటే మా ఇంట్లో చిన్న మొత్తం కాదు. బస్టాండు దాకా ఎవరం మాట్లాడలేదు. నాకైతే డబ్బు గుర్తు రాలేదు. ఆ పిల్లను ఎవరు కొంటారు? కొన్నవాళ్ళు పిలిస్తే పలకడం లేదని కొడతారా? వదిలేస్తారా? రోడ్డు మీద లారీ హారన్ దానికి ఎట్ల వినబడుతుంది?

మామ మిల్లులో ఎవరినో విచారించి, సాయంత్రం ఊరి చివర ఇంకో ఇంటికి తీసుకుపోయినాడు. ఒక ముసలామె. అమ్మడం ఆమె వృత్తి కాదు. వాళ్ళ ఆడకుక్కను తిరునెల్వేలి పక్కనుంచి వచ్చిన చుట్టాల కుక్కతో కట్టించినారంట. తొమ్మిది వారాల పిల్లలు, మూడు మిగిలినాయి. కాగితాలు లేవు, ఆమె మాటే కాగితం. మూడింటికీ తాళాలగుత్తి పరీక్ష చేసినాను. మూడూ తిరిగినాయి. ఒక ఆడపిల్లకు రెండు చెవుల మీదా బిస్కెట్టు రంగు మచ్చలు, కండ్లు తేనెరంగు. దాన్ని తెచ్చుకున్నాం. పేరు మాత్రం మల్లే.

తిరిగొచ్చి సార్‌కు చెప్తే ఆయన ఒక సంగతి సరిచేసినారు. ఆ పిల్ల చెవుడుకు దగ్గర రక్తం ఒక్కటే కారణమని అనకూడదంట. రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉండాలి. మరీ తెల్లగా పుట్టేవాటిలో కొన్నిటికి అవి అక్కడ ఉండవు, పుట్టిన కొన్ని వారాలకే వినికిడి కణాలు చచ్చిపోతాయి. తెలుపు మీద నల్లచుక్కలుండే డాల్మేషన్ కుక్కల్లో దీన్ని బాగా పరీక్షించినారు. అమెరికాలో చూసినవాటిలో పదింటికి దాదాపు మూడింటికి ఒక చెవో రెండు చెవులో పనిచెయ్యవు. నీలి కండ్లవాటిలో ఎక్కువ, పుట్టుకతో పెద్ద మచ్చ ఉన్నవాటిలో తక్కువ. మనం తెలుపునే ఏరుకుంటా, ఉన్న నాలుగు కుక్కలనే తిప్పి తిప్పి కడుతుంటే రెండు కష్టాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఆ డాల్మేషన్లదే ఇంకొక కథ. ఆ జాతి మొత్తానికీ మూత్రంలో యూరిక్ ఆమ్లం ఎక్కువ, దాంతో కొన్నిటికి రాళ్ళు పడతాయి. ఎంత వెతికినా జాతిలో మంచి ప్రతి ఒక్కదానిదగ్గర కూడా మిగల్లేదు. 1973లో ఒక శాస్త్రవేత్త ఒకే ఒక్కసారి పాయింటర్ కుక్కతో కలిపి, తర్వాత అన్ని తరాలూ డాల్మేషన్లతోనే కట్టుకుంటా వచ్చినాడు. చుక్కలు మళ్ళీ వచ్చేసినాయి, ఆ జబ్బు పోయింది. అయినా వాటిని తమ జాబితాలో చేర్చుకోవడానికి అమెరికా కెన్నెల్ క్లబ్బుకు 2011 దాకా పట్టింది. రాజపాళయం ఆయన ఒక్క ఏడాది నష్టానికే భయపడుతున్నాడంటే తప్పు పట్టలేకపోయినాను.

ఒక చెవి మాత్రమే పనిచేసే కుక్కను తాళాలగుత్తితో కనుక్కోలేమని కూడా సార్ చెప్పినారు. దానికి తలకు తీగలు పెట్టి చూసే యంత్రం కావాలి. కాబట్టి మా మల్లికి రెండు చెవులూ ఉన్నాయా, ఒకటేనా, నాకిప్పటికీ తెలియదు. పందులకైతే ఆ తేడా తెలియలేదు. ఇప్పటికే రెండుసార్లు పారిపోయినాయి.

నెల తిరక్కుండా మామ ఫోను చేసినాడు. నీలి కండ్లదాన్ని ఎవరూ కొనలేదంట. ఒకాయన కొని రెండో రోజే తిరిగిచ్చినాడంట. "నేనే తెచ్చుకున్నా," అన్నాడు మామ, తప్పు చేసినవాడి మాదిరి. మిల్లు నుంచి వచ్చి గది తలుపు తెరిస్తే దానికి వినబడదు. అందుకని కాలితో నేలను రెండుసార్లు తడతాడు, అదురుకు లేచి తోక ఊపుతుంది. అరచెయ్యి పైకెత్తితే కూర్చుంటుంది. లైటు ఆర్పి వెలిగిస్తే తిండి వేళ అని తెలుసు. బయటికి పోతే గొలుసు తప్పనిసరి.

ఫోను పెట్టేసినాక అవ్వ, "చూసినావా, ఎంత మంచి మనసో నా కొడుకుది," అనింది, అక్కవైపు చూస్తా.

అక్క తలెత్తింది. "మామ మంచోడే అవ్వా. నన్ను భుజం మీద ఎక్కించుకుని బడికి తీసుకుపోయినోడు. మామగానే ఉండనీ." అంతవరకూ ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. అమ్మ నీళ్ళకోసం లేవలేదు. అవ్వ ఆ రాత్రి అన్నం తినలేదు, తెల్లారి మామూలుగా తినింది. ఆ సంగతి పూర్తిగా తేలిందని నేను చెప్పలేను. అన్నం దగ్గర మాత్రం అవ్వ ఇప్పుడు ఆ మాట వెయ్యడం లేదు.

ఉగాదికి మామ వచ్చినాడు, ఆ పిల్లను వెంటబెట్టుకుని. మల్లి దాన్ని చూసి మొరిగింది, అది పలకలేదు. ముక్కూ ముక్కూ కలిసినాక రెండూ తోటంతా తిరిగినాయి. ఆ రాత్రి కొండకింద ఏనుగులు దిగినాయని ఊరివాళ్ళు టపాకాయలు పేల్చినారు. మల్లి భయంతో మంచం కిందికి దూరి ఒకటే వణుకు. తమ్ముడు కూడా లేచి ఏడ్చినాడు. నీలి కండ్లది మాత్రం వాకిట్లో కాళ్ళు చాపుకుని హాయిగా నిద్రపోతా ఉంది. అవ్వ దాన్ని కొంతసేపు చూసింది. తర్వాత ఏనుగులు ఇటు వస్తే దీనికి తెలియదు కదా అని గొణుక్కుంటా, తన మంచం తీసుకుపోయి దాని పక్కన వేసుకొనింది.